పేరుకి పెట్టిన నగలు

ఫిల్మ్‌నగర్‌లో మనిషి ఇంటిపేరు ఎవరికీ అక్కర్లేదు. చేసే పనే ఇంటిపేరైపోతుంది. స్టిల్స్ ఫలానా, ఫైట్స్ ఫలానా అంటారు. ఆ లెక్కన నేను టైటిల్స్ హనుమంతుని. ఇరవై రెండేళ్ళు సినిమా పేర్లు చేత్తో రాశాను. పౌరాణికమైతే అక్షరానికి కిరీటం, కుటుంబ కథ అయితే తీగా పువ్వూ, కొట్లాటల సినిమా అయితే అక్షరం చివర నెత్తురు బొట్టు. తెర మీద పేరు పడగానే వేసే మొదటి ఈల నాదనీ, హీరోకి పడేది రెండోదనీ నా నమ్మకం. ఈ మాట పైకి అని రెండు సినిమాలు పోగొట్టుకున్నాను కూడా.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. మా ఫీల్డులో ఎవర్నీ పనిలోంచి తీసెయ్యరు, పిలవడం మానేస్తారంతే. డబ్బాల్లో రంగు ఎండిపోకుండా ఆర్నెల్లు కలుపుకుంటూ కూచున్నాక గాని నాకా సంగతి తెలిసిరాలేదు. 2005 నాటికి నాకు మిగిలింది సెట్టుల్లో పెట్టే బోర్డులు రాసే పని. ఏ జిల్లాలోనూ లేని పోలీస్ స్టేషన్‌కీ, రోగి అడుగుపెట్టని ఆసుపత్రికీ బోర్డులు రాసేవాణ్ణి. షూటింగ్ అయిపోగానే దాని మీద తెల్లరంగు కొట్టి ఇంకో ఊరి పేరు రాయమనేవారు. బస్తీలో ఒక గది, ఒక కిరోసిన్ స్టవ్వు, ఒక మనిషి. కూరలో ఉప్పు ఎక్కువైందని దెప్పే దిక్కు కూడా లేదు.

నాకొక కూతురుంది. పేరు గీతిక. ఇది ముందే చెప్పెయ్యడం మంచిది, ఎందుకంటే ఇక్కణ్ణించి చెప్పేదంతా దాని గురించే.

దానికి తొమ్మిదేళ్ళప్పుడు, స్కూలు వార్షికోత్సవానికి స్టేజీ వెనక బ్యానరు నేనే రాస్తానని ఒప్పుకున్నాను. అప్పట్లో బాగా తాగేవాణ్ణి. రాయలేదు. చివరికి డ్రాయింగు మాస్టారెవరో రాసి కట్టుకున్నారు. ఆ సాయంత్రం నేను తాగి వెళ్ళాను. పిల్లలు డాన్సు చేస్తుంటే నా కళ్ళకి బ్యానరు మీద ఒక అక్షరం వంకరగా కనబడింది. సరిదిద్దుదామని బ్రష్షు పట్టుకుని స్టేజీ ఎక్కి, తూలి, బ్యానరుతో సహా పిల్లల మధ్యలో పడ్డాను. జనమంతా నవ్వారు. గోపిక వేషంలో ఉన్న నా కూతురు నవ్వలేదు. నెల తిరక్కుండా మా ఆవిడ శ్యామలాదేవి పిల్లని తీసుకుని ఏలూరులో అన్నగారింటికి వెళ్ళిపోయింది. ఆవిణ్ణి తప్పు పట్టను. రైలు కిటికీలోంచి పిల్ల నా వంక చూడలేదు. నువ్వు పిలిచేదాకా నీ ఎదట పడనమ్మా అన్నాను. తల ఊపింది. ఆ రోజుల్లో తాగకుండా ఇచ్చిన మాట అదొక్కటే కాబట్టి, దాన్నైనా నిలబెట్టుకోవాలనుకున్నాను.

ఏడాదికి తాగుడు మానేశాను. మానడం అంత కష్టం కాలేదు గాని, మానేశానని చెప్పుకోవడానికి మనిషి లేకపోవడం కష్టమైంది. ఇంట్లో చెప్పుకోవాల్సిన మాట టీకొట్టువాడికి చెప్పాను. మంచిదేగా అని చిల్లర ఇచ్చాడు.

చాలా ఏళ్ళకి, ఏలూరు నుంచి వచ్చిన మేకప్ మనిషి ఒకతను మాటల్లో చెప్పాడు, మీ అమ్మాయి ఇంజనీరింగు పాసై మాదాపూర్‌లో ఏదో కంపెనీలో చేరిందని. మాదాపూర్ అంటే ఎక్కడో కాదు, మా గుట్టకి అవతలి పక్కే. ఆ మర్నాటి నుంచీ పొద్దున్నే జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర టీ తాగడం అలవాటైంది. అక్కడ సిగ్నల్ దగ్గర కంపెనీ బళ్ళు వరసగా ఆగేవి. మెళ్ళో కార్డులు వేసుకున్న ఆడపిల్లలు అద్దానికి తల ఆనించి కునుకు తీస్తుండేవారు. ఒక్కొక్క మొహమే చూసేవాణ్ణి. తొమ్మిదేళ్ళ పిల్ల ఇరవై రెండేళ్ళకి ఎలా ఉంటుందో నాకేం తెలుసు. అయినా చూసేవాణ్ణి. చూడటం వెతకడం కిందికి రాదనీ, మాట తప్పినట్టు కాదనీ నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి.

మా సందులో ఒక సినిమా ఆఫీసు కింద అరుణజ్యోతి అని ఒకావిడ ఇంటర్నెట్ సెంటర్ నడిపేది. ఎర్రగడ్డ మనిషి, ముప్ఫై అయిదేళ్ళుంటాయి, నోరు గట్టిది, మనసు మెత్తన. ఎనిమిది కంప్యూటర్లు, మధ్యలో చెక్క పలకలు అడ్డం. ఆ సెంటర్ బోర్డు నేనే రాశాను. అది రాస్తున్నప్పుడే ఎలాగో నా కథంతా బయటపడింది. అప్పటికి కుర్రకారంతా ఒక చాట్ సైటు మీద పడి చస్తున్నారు. అందులో పేరు పెట్టుకుంటే ఎక్కడెక్కడి వాళ్ళో దొరుకుతారట. అరుణజ్యోతికి తనతో పదో తరగతి చదివిన పిల్లలు పదకొండుమంది దొరికారట.

"నువ్వు పిల్లను దేవులాడొద్దు, సరే. గని పిల్లకు నువ్వు దొరకాలె గద అన్నా," అంది. "గీడ పేరు పెట్టి ఊకుండు. ఏదో ఒకనాడు ఆమెనే నీ పేరు కొడ్తది."

నాకది న్యాయంగా తోచింది. మాట తప్పకుండా తలుపు తీసి పెట్టుకోవడమే కదా అనిపించింది. అరుణజ్యోతి ఇంగ్లీషులో నా పేరు కొట్టింది. టైటిల్స్ హనుమంతు. ఈ లోకంలో ఆ పేరున్నవాడు ఇంకొకడు లేడు. నా కూతురికి నేను గుర్తొచ్చేది కూడా ఆ పేరుతోనే.

తీరా తెర మీద చూద్దును కదా, ఆ పేరు రేషన్ షాపు లిస్టులో పేరులా ఉంది. సన్నగా, బక్కగా, అక్షరానికీ అక్షరానికీ పొత్తు లేకుండా. జీవితమంతా పరాయివాళ్ళ పేర్లకి కిరీటాలు పెట్టినవాణ్ణి, కూతురు చూడబోయే నా పేరు ఇలా ఉంటే ఎలా అని నాకు ఉక్రోషం వచ్చింది. మంచి అక్షరాలు పెట్టమన్నాను. ఇక్కడ అలా కుదరదంది. మరి పక్క కంప్యూటర్లో కుర్రాడి పేరు చుట్టూ నక్షత్రాలున్నాయి, వాడికెలా కుదిరిందన్నాను. అప్పుడు చూపించింది. కంప్యూటర్లోనే అక్షరాల పట్టిక ఒకటి ఉంది. లోకంలో ఉన్న దేశాలన్నిటి అక్షరాలూ అందులో గళ్ళల్లో పేర్చి ఉన్నాయి. నచ్చినదాన్ని తీసుకొచ్చి పేరులో అతికించుకోవచ్చు. రష్యావాళ్ళ అక్షరాలు, గ్రీకువాళ్ళవి, చైనావాళ్ళవి, సున్నాలో కూచోబెట్టిన అక్షరాలు, చుక్కలు, పువ్వులు, చంద్రవంకలు.

ఆ రోజు నేను మధ్యాహ్నం అన్నం తినలేదు. టైటిల్స్ పని పోయిన మూడేళ్ళకి మళ్ళీ ఆకలి తెలియని పని దొరికింది. ఆ దేశాల భాషలేవీ నాకు రావు, అక్కర్లేదు కూడా. నాకు అక్షరమంటే ఆకారమే. ఇంగ్లీషు 'ఎన్' అక్షరం బదులు రష్యావాళ్ళది తిరగేసినట్టుండే అక్షరం పెడితే దానికి నడుం వచ్చింది. 'యు' బదులు పెట్టిన గ్రీకు అక్షరానికి కాళ్ళు ముడుచుకు కూచున్న కుందేలు పోలిక. 'టి' మీద గొడుగు. అటూ ఇటూ నక్షత్రాలు, చివర ఒక పువ్వు. అసలు అక్షరం ఒక్కటి కూడా మిగల్లేదు గాని, ఎవరు చూసినా టైటిల్స్ హనుమంతు అని చదవగలరు. సెంటర్లో ఉన్న కుర్రాళ్ళందరూ కుర్చీలు వదిలి వచ్చి నిలబడ్డారు. ఒకడు ఈల వేశాడు.

అక్కణ్ణించి మొదలైంది. రాయదుర్గం నుంచీ, మాదాపూర్ నుంచీ సాఫ్ట్‌వేర్ పిల్లలు శనివారం పూట బళ్ళేసుకుని వచ్చి పేర్లు రాయించుకునేవాళ్ళు. వాళ్ళ పేర్లు రాసిపెట్టినందుకు అరుణజ్యోతి నన్ను ఎంతసేపైనా కంప్యూటర్ ముందు కూచోనిచ్చేది. టైటిల్స్ అంకుల్ అని నాకు గిరాకీ పెరిగింది. ఆడపిల్లలే ఎక్కువమంది. ఎవరొచ్చినా ముందు మొహం వంక చూసేవాణ్ణి, తర్వాత పేరు అడిగేవాణ్ణి. గీతిక అని ఒక్కరూ అనలేదు.

నా పేజీకి రోజూ ఎవరో ఒకరు వచ్చి అంకుల్ సూపర్ అని రాసిపోయేవారు. రెండు వందల డెబ్భైమంది స్నేహితులు. వాళ్ళలో నా గది చూసినవాడు ఒక్కడు లేడు. ఒకసారి నాలుగు రోజులు జ్వరమొచ్చి సెంటర్‌కి వెళ్ళలేదు. అయిదో రోజు వెళ్ళి చూస్తే ముప్ఫైమంది పలకరింపులున్నాయి, ముప్ఫైమందికీ పేర్లు కావాలి. ఏమయ్యావని అడిగింది అరుణజ్యోతి ఒక్కతే.

గీతిక మాత్రం రాలేదు. ఆర్నెల్లు చూశాను. పేరు సరిగ్గా మెరవట్లేదేమో అనుకున్నాను. సినిమా ఆడకపోతే పోస్టరు మార్చడం మా వాళ్ళ అలవాటు, నాకూ అదే బుద్ధి. ఉగాదికి మామిడాకుల్లాంటి గుర్తులు పెట్టాను. దీపావళికి చిచ్చుబుడ్డి. దాని పుట్టినరోజుకి చంద్రవంక. రెండున్నరేళ్ళలో నా పేరుకి పెట్టిన నగలు ఏ పెళ్ళికూతురికీ పెట్టి ఉండరు. అయినా రాలేదు. ఇంక దానికి నేను అక్కర్లేదని తేలిపోయిందనుకున్నాను. అలా అనుకున్న రోజుల్లో సెట్టు బోర్డుల మీద కూడా చెయ్యి సాగేది కాదు.

2008 జనవరిలో మనోజ అని ఒక పిల్ల వచ్చింది. టోలిచౌకిలో హాస్టల్లో ఉంటుంది, కాల్ సెంటర్లో ఉద్యోగం. పేరు రాయమంది. రాశాను. చదివేవాళ్ళకి కాస్త వీలుగా ఉంటుందని రెండు అక్షరాలు మామూలువే ఉంచాను. ఆ పిల్ల చూసి తల అడ్డంగా ఊపింది. ఒక్క అక్షరం కూడా మామూలుది ఉండటానికి వీల్లేదంది. రెండుంటేనే అందమమ్మా అన్నాను.

"అందం కోసం గాదంకుల్," అంది. "మా అన్న నా పేరు కొట్టి రోజు దేవులాడుతుండు. మొత్తం గిట్ల రాస్తే దొరకను."

నాకు అర్థం కాలేదు. ఎందుకు దొరకవన్నాను. ఆ పిల్ల నా వంక వింతగా చూసి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. మన కంటికి అది 'ఎన్' లాగే ఉంటుంది గాని, కంప్యూటర్‌కి మాత్రం అది వేరే దేశపు అక్షరమే. వెతికేవాడు మామూలు అక్షరాలు కొడతాడు, కంప్యూటర్ మామూలు అక్షరాలే చూస్తుంది, ఈ పేరు దాని లెక్కలోకే రాదు.

"మా హాస్టల్ పిల్లలు మస్తుమంది గందుకే మీ దగ్గర రాయించుకున్నరు అంకుల్. మీకు తెల్వదా?"

నాకు తెలియదు. రెండున్నరేళ్ళుగా నేను దాక్కునేవాళ్ళకి తడికెలు కట్టిస్తున్నానని నాకు తెలియదు. మనోజ పేరు పూర్తిగా మార్చి ఇచ్చి పంపించాను. తర్వాత అరుణజ్యోతిని పిలిచి, వెతికే చోట నా పేరు మామూలుగా కొట్టమన్నాను. కొట్టింది. ఎవరూ లేరని వచ్చింది. మళ్ళీ కొట్టింది. లేరు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మా అమ్మ అంటుండేది, ఆ రోజు ఆ మాట నాకోసమే పుట్టినట్టనిపించింది.

వెంటనే పేరు మార్చేసి ఉంటానని మీరనుకుంటారు. మార్చలేదు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. గీతిక రాలేదంటే నన్ను వద్దనుకోబట్టి కాదన్నమాట. వెతికే ఉంటుంది, దొరక్క ఊరుకుని ఉంటుంది. వారం రోజులు ఆ తలపుతోనే అన్నం తిన్నాను, దాంతోనే బోర్డులు రాశాను. చెక్‌పోస్ట్ దగ్గర బళ్ళలో పిల్లల వంక చూస్తుంటే, వీళ్ళలో నన్ను వెతికిన పిల్ల ఉందని గర్వంగా కూడా ఉండేది. పేరు మామూలుగా మార్చేస్తే ఏమవుతుంది? అప్పుడూ రాకపోతే? నక్షత్రాల మీద నెట్టెయ్యడానికి కూడా ఉండదు. ఆ భయంతో పేరు జోలికి పోలేదు.

అరుణజ్యోతి వారం ఓపిక పట్టి, ఎనిమిదో రోజు నా ముందు నుంచి టీ గ్లాసు తీసేసింది.

"పిల్ల దేవులాడిందని ఖుషీగున్నవ్. ఇంక గూడ దేవులాడుతున్నదేమో, గది సోచాయించినవా అన్నా?" అంది.

అదొక్కటీ నాకు తట్టలేదు. నా సంగతే చూసుకున్నాను గాని, అవతల కొడుతూ ఉన్న వేళ్ళ సంగతి ఆలోచించలేదు. ఆ మధ్యాహ్నమే కూచుని ఒక్కొక్క నగే తీశాను. పువ్వు తీశాను, చంద్రవంక తీశాను, కుందేలు తీశాను. చివరికి ఆ బక్క అక్షరాలు మిగిలాయి. ఈసారి వాటిని చూస్తే ఉక్రోషం రాలేదు, భయమేసింది.

పదకొండు రోజులు గడిచాయి. పన్నెండో రోజు మధ్యాహ్నం నేను ఒక సెట్టులో గ్రామ పంచాయతీ బోర్డు రాస్తుంటే అరుణజ్యోతి ఆటోలో వచ్చి దిగింది. సెంటర్ వదిలి ఆవిడ రాగా నేనెప్పుడూ చూడలేదు. జర జల్దీ రా అన్నా అంది, అంతే. బ్రష్షు కడక్కుండానే బయల్దేరాను.

నా పేజీలో ఒక కబురు ఉంది, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. కూడబలుక్కుని చదివాను. "నాన్నా, మీరేనా?"

ఒక్కొక్క అక్షరం వెతుక్కుని, నేనే తల్లీ అని కొట్టాను. అది అప్పుడు లైన్లోనే ఉంది. ఆఫీసులో భోజనాల వేళట. అరుణజ్యోతి మిగతావాళ్ళని కాస్త దూరంగా జరగమని, తనూ కౌంటర్ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి కూచుంది.

చిన్నప్పుడు నువ్వు అనేది, ఇప్పుడు మీరు అంటోంది. అదీ మర్యాదే అనుకున్నాను. చాలా రాసింది. రెండేళ్ళ క్రితం ఆఫీసులో ఎవరో, ఫిల్మ్‌నగర్ అంతా ఈ సైట్లోనే ఉందంటే నా పేరు కొట్టి చూసిందట. లేదట. స్వయంగా వచ్చి అడుగుదామంటే ధైర్యం చాల్లేదట. నాన్న ఇందులో ఉంటే నాకోసం ఉన్నట్టే, లేకపోతే లేనట్టే అని మనసులో పందెం వేసుకుందట. అయినా నెలకోసారి కొట్టి చూడటం అలవాటైపోయిందట. ఇవాళ కూడా అలవాటుగానే కొట్టిందట.

పోయిన ఫిబ్రవరిలో దాని పెళ్ళయింది. పెళ్ళికి ముందు నెలంతా రోజూ వెతికిందట. పీటల మీద కూచునేవేళకైనా నేను రావాలని దాని కోరిక. పోయిన ఫిబ్రవరిలో నేను ఏం చేస్తున్నానో నాకు బాగా గుర్తుంది. నా పేరుకి ఎడమ పక్కన హంస పోలిక అక్షరం పెట్టాలని నాలుగు రోజులు వెతికాను. నేను హంస కోసం, నా కూతురు నాకోసం. ఇద్దరం ఒకే చోటే వెతుకుతున్నాం.

"ఒక మాట చెప్పాలి నాన్నా," అని రాసింది. తర్వాతి వాక్యం వచ్చింది. "మీరు లేరని చెప్పాం వాళ్ళకి. మావయ్య చెప్పాడు. నేను కాదనలేదు."

లేరంటే ఊళ్ళో లేరని అనుకున్నాను ముందు. తర్వాత అర్థమైంది. కన్యాదానం వాళ్ళ మావయ్య దంపతులు చేశారట. మోతీనగర్‌లో అత్తవారిల్లు, మంచివాళ్ళేనట. తాగుబోతు తండ్రి వదిలేశాడని చెప్పుకోవడం కంటే పోయాడని చెప్పడం తేలికని వాళ్ళ మావయ్య అనుకున్నాడు. నాకు కోపం వచ్చింది. ఆయన మీద కాసేపు వచ్చింది, కంప్యూటర్ మీద కాసేపు వచ్చింది. తిప్పి తిప్పి నా మీదికే వచ్చింది, అక్కడే ఉండిపోయింది.

పెళ్ళి కార్డు మీద నా పేరు వేశారా అని అడిగాను. వేశారంది. ముందు కీర్తిశేషులు అని ఉందంది.

ఏం రాయాలో తెలీక, ఏ అక్షరాల్లో వేశారని అడిగాను. అదేం ప్రశ్నో నాకే తెలియదు. మామూలు ప్రెస్సు అక్షరాలే నాన్నా అని రాసింది. నేను బతికుండి, నా కూతురి పెళ్ళి కార్డు ప్రెస్సు అక్షరాల్లో అచ్చయింది. అప్పుడు ఏడ్చాను. ఏడుస్తున్నానని అది చూడలేదు గాని, ఉన్నారా అని రెండుసార్లు రాసింది. ఉన్నానని కొట్టాను.

తన స్నేహితుల లిస్టులో నన్ను కలుపుకుంటానంది. సరేనని వెంటనే కొట్టాను. అంతలో తర్వాతి మాట వచ్చింది.

"మీ పేరు ఇలా ఉంటే కష్టం నాన్నా. మా ఆయన, మా ఆడపడుచు అందరూ నా లిస్టు చూస్తారు. కార్డు మీద పేరు వాళ్ళకి గుర్తుంది. ఇప్పుడు బతికే ఉన్నారంటే అమ్మని ఏమంటారో. ఆయనకి నేను చెప్తాను. ఎప్పుడని అడక్కండి. అప్పటిదాకా పేరు గుర్తుపట్టకుండా మారుస్తారా? వెతికితే దొరక్కుండా ఎలాగో చేస్తారట కదా, నక్షత్రాలవీ పెట్టి."

అలాగే తల్లీ, దానికేం, నాకు వచ్చిన పనే అని రాశాను. సాయంత్రానికి చేసి పెడతానన్నాను. భోజనాల వేళ అయిపోయింది, వెళ్ళిపోయింది.

అరుణజ్యోతి వచ్చి పక్కన నిలబడింది. చదవమన్నాను. చదివి, గింత అన్యాయమా అంది. అన్యాయం ఏముంది, నన్ను పిలిచింది, అంతే చాలు అన్నాను. ఆ మాట పూర్తిగా నిజం కాదు. అబద్ధమూ కాదు.

అక్షరాల పట్టిక తెరిచాను. ఇదివరకు రాసిందంతా ఎవరు చూసినా నేనని తెలియడానికి రాసింది. ఇప్పుడు చూసినవాడు చదవలేకపోవాలి, చదవలేకపోయినా అందంగా ఉండాలి. ఇన్నేళ్ళ అనుభవంలో ఇలాంటి పని ఎవరూ చెప్పలేదు. పేరులో టైటిల్స్ తీసేశాను. హనుమంతు అన్నదాన్ని ఒక్కో అక్షరానికి ఒక్కో దేశం ముసుగు వేస్తూ పోయాను. చివరికి అది తీగ మీద వాలిన పిట్టల వరసలా అయింది. అరుణజ్యోతిని చదవమన్నాను. చదవలేకపోయింది. సరే, అయిపోయిందన్నాను.

సాయంత్రం గీతిక నన్ను తన లిస్టులో కలుపుకుంది. నూట తొంభైమందిలో చివరివాణ్ణి. దాని ఫోటో మొదటిసారి చూశాను. మా అమ్మ పోలిక. ఇన్నేళ్ళూ చెక్‌పోస్ట్ దగ్గర శ్యామలాదేవి పోలికల కోసం చూశాను. అసలు చూడాల్సిన మొహం అది కాదని అప్పుడు తెలిసింది. పెళ్ళి ఫోటోలు కూడా ఉన్నాయి. పీటల మీద దాని వెనక మావయ్య నిలబడి ఉన్నాడు. ఎవరో పెద్దమనిషి పక్కకి జరిగినట్టు ఆయన పక్కన కాస్త ఖాళీ ఉంది. ఆ ఫోటో ఎక్కువసేపు చూడలేదు.

నాలుగు రోజుల తర్వాత మళ్ళీ కబురు పెట్టింది. దాని ఆడపడుచు లిస్టులో నా పేరు చూసి, ఇదెవరు వదినా, ఎంత బాగా రాసుకున్నారు అని అడిగిందట. ఆఫీసులో తెలిసినవాళ్ళని గీతిక చెప్పిందట. తనక్కూడా అలాంటిది ఒకటి కావాలని ఆ పిల్ల పట్టుబట్టిందట. డిగ్రీ చదువుతోంది, నాయనమ్మ పేరు పెట్టారు, బాలాత్రిపురసుందరి. అంత పొడుగు పేరని కాలేజీలో సిగ్గుపడుతుందట. వీలైతే రాస్తారా, లేకపోతే ఏదో ఒకటి చెప్పేస్తాను అని రాసింది.

వీలు కాకపోవడమేమిటి. మూడు రోజులు పట్టింది. సెట్టువాళ్ళు పిలిస్తే వెళ్ళలేదు. చదవడానికి వీలుండాలి, వెతికితే దొరకాలి కూడా. అందుకని పేరు మామూలు అక్షరాల్లోనే ఉంచి, నగలు పక్కన పేర్చాను. అటు కలవపువ్వులు, ఇటు చిలకలు, కింద పట్టుచీర అంచులా ఒక వరస. పేరులో ఒక్క అక్షరం కూడా తాకలేదు. అరుణజ్యోతి చూసి, ఈసారి గిట్ల రాసినవేందన్నా అంది. ఎందుకో చెప్పాను.

ఆ పిల్లకి బాగా నచ్చిందట. కాలేజీలో అందరికీ చూపించిందట. ఆడపిల్లని ఇచ్చే తండ్రి పెళ్ళిలో ఆడపడుచుకి లాంఛనం ఇచ్చుకోవాలి. చీరో, వెండి కుంకుమభరిణో, ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు. నా కూతురి పెళ్ళిలో నా చేతి మీదుగా జరిగింది అదొక్కటే.